పాలమూరు పిల్లల రెండేళ్ళ ఇంటర్వెల్!

ఇంటర్వెల్ అంటే ఇష్టం లేని పిల్లలుంటారా? హాల్లో లైట్లు వెలుగుతాయి. సమోసాలబ్బాయి కేకేస్తాడు. నాన్న జేబులో చిల్లర గలగలమంటుంది. పది నిముషాలు తిరిగేసరికి బెల్లు మోగుతుంది, బొమ్మ మళ్ళీ మొదలవుతుంది. ఆ పది నిముషాలూ పండగే... బెల్లు మోగుతుందని తెలుసు కాబట్టి!

మరి ఆ బెల్లు ఏడాదిన్నర దాకా మోగకపోతే?

మోగలేదు! 2020 మార్చి 14న తెలంగాణ ప్రభుత్వం బడులూ, సినిమా హాళ్ళూ మూసేస్తున్నామని ప్రకటించింది. నెలాఖరు దాకానేనన్నారు. పిల్లలు ఎగిరి గంతేశారు. ఎందుకెయ్యరు? పరీక్షలు దగ్గర పడుతున్న రోజులు! కానీ ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా చదివే చిన్నవాళ్ళు మళ్ళీ బడి గడప తొక్కింది ఎప్పుడో తెలుసా? 2021 సెప్టెంబరు 1న! పెద్ద తరగతులవాళ్ళకి 2021 ఫిబ్రవరిలో తలుపు ఓరగా తీసి, మార్చి 24న మళ్ళీ వేసేశారు. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చి ఇంకోసారి గొళ్ళెం పెట్టించింది. ఆ ఫిబ్రవరి 1న గాని బడి గంట కుదురుగా మోగలేదు. రెండేళ్ళకు నెలన్నర తక్కువ!

ఇది మన ఒక్కరి కథ కాదు. ప్రపంచంలో 190 దేశాల్లో సుమారు 160 కోట్ల మంది పిల్లలు ఇలాగే ఇంట్లో కూర్చున్నారు. అయితే ఇల్లంటే అందరికీ ఒకటేనా? ఆ సంగతి తేల్చుకోవడానికే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు తిరిగొచ్చాను. 2016 అక్టోబరు 11న ఈ మూడూ మూడు జిల్లాలకు ముఖ్యపట్టణాలయ్యాయి గానీ, అంతకుముందు అన్నీ మహబూబ్‌నగరే. జనం నోట్లో ఇప్పటికీ పాలమూరే!

అన్నట్టు, ఈ పేజీ చదువుతున్న మీలో చాలామంది ఆనాటి బడిపిల్లలే. కాబట్టి ఇది మీ కథే. కాకపోతే మీ పక్క సీటువాడి కథ మీకు తెలిసి వుండకపోవచ్చు!

ముళ్ళకంప... దగ్గు పాట!

మొదట్లో అంతా ఆటలాగే వుంది. వూరి పొలిమేరలో పెద్దవాళ్ళు ముళ్ళకంపలు, మొద్దులు అడ్డం పెట్టి బయటివాళ్ళను రానివ్వలేదు. పిల్లలకిది సినిమాలో కోటగుమ్మం సీనులా కనిపించింది! కర్ర పుచ్చుకుని కాపలా కాసింది వాళ్ళే. మూతికి దస్తీ కట్టుకుని ఒకడు పోలీసు, ఇంకొకడు కరోనా! ఫోను చేస్తే ముందు దగ్గు వినిపించేది, గుర్తుందా? ఆ దగ్గును అచ్చు గుద్దినట్టు దగ్గి చూపించడం ఆ వేసవిలో పెద్ద విద్య!

మార్చి 22న జనతా కర్ఫ్యూ. సాయంత్రం చప్పట్లు, పళ్ళేల మోత. 25న దేశమంతా లాక్‌డౌన్. ఆ రోజే ఉగాది. ఆ రోజే రాజమౌళి చిత్రం 'ఆర్ఆర్ఆర్' మోషన్ పోస్టర్ విడుదలైంది. నిప్పు ఒక వైపు, నీరు ఒక వైపు... ఫోనున్న ఇళ్ళలో పిల్లలు దాన్ని ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. 2021 జనవరి 8న విడుదల అన్నారు. పిల్లలు క్యాలెండరు మీద గీత పెట్టుకున్నారు. ఆ గీతకు ఏం గతి పట్టిందో ముందు ముందు చెబుతాను.

మార్చి 28 నుంచి దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ 'రామాయణ్' మళ్ళీ మొదలైంది. ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి. హిందీ రాని అవ్వ, తెలుగు చదవడం ఇంకా రాని మనవడు కలిసి చూశారు. అవ్వ కథ చెప్పేది, మనవడు యుద్ధం చేసేవాడు. గచ్చు మీద సుద్దతో గళ్ళు గీసి అష్టాచెమ్మా, చింతగింజలతో వామనగుంటలు... టీవీ రాకముందు ఆటలన్నీ అటక దిగాయి.

"మస్తు మజా వొచ్చింది సార్... ఓ నెల!" అన్నాడు గద్వాలలో కలిసిన ఒక కుర్రాడు. ఆ 'నెల' అన్న మాట దగ్గరే అసలు కథ మొదలవుతుంది.

నడిగడ్డలో పత్తిపూల బడి

గద్వాల అనగానే మీకు చీర గుర్తొస్తుంది. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. సోమనాద్రి కోట గుర్తొస్తుంది. కృష్ణా తుంగభద్రల నడుమ వున్న ఈ నేలను నడిగడ్డ అంటారు. కానీ ఈ నేలకు ఇంకో పేరుంది. సంకర పత్తివిత్తనాలు పండించే నేల! దేశంలో ఎక్కడెక్కడో రైతులు కొనే బీటీ పత్తి ప్యాకెట్లలో గింజలు చాలా ఈ చుట్టుపక్కల గట్టు, మల్దకల్, అయిజ చేలల్లో పుట్టినవే.

ఆ గింజ ఎలా పుడుతుందో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. చేలో ఆడ సాళ్ళు వేరు, మగ సాళ్ళు వేరు. మధ్యాహ్నం దాటాక ఆడ చెట్ల దగ్గరికి పోయి, మర్నాడు విచ్చబోయే మొగ్గలు వెతికి, రేకులూ పుప్పొడి తిత్తులూ గోటితో గిల్లేయాలి. లోపలి కాడ ఒక్కటే మిగలాలి. అది విరిగితే ఆ కాయ పోయినట్టే. మర్నాడు పొద్దున మగ పూలు కోసుకొచ్చి, ఆ కాడలకు ఒక్కొక్కదానికే పుప్పొడి తాకించాలి. దీన్నే అక్కడ 'క్రాసింగ్' అంటారు. ఒక రోజు కాదు, వారం కాదు... పూత వున్నన్నాళ్ళూ రోజూ ఇదే పని. మిషను చేయదు, మనిషి వేళ్ళే చేయాలి. చిన్న వేళ్ళయితే మరీ మంచిదట! చెట్టు ఎత్తూ పిల్లల ఎత్తూ ఒకటేనట! పైగా కూలీ తక్కువ. బడి వున్న రోజుల్లోనే ఈ పనికి పిల్లల్ని పంపడం నడిగడ్డకు పాత పుండు. దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు పాతికేళ్ళ కిందటి నుంచే ఈ సంగతి రాస్తున్నారు.

సరే, 2020లో ఏమయింది? సెప్టెంబరు 1న టీవీలో పాఠాలు మొదలయ్యాయి. టీ-శాట్ ఛానళ్ళు, దూరదర్శన్ యాదగిరి. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా. చేలల్లో పత్తి పూత ముమ్మరంగా వుండేదీ సరిగ్గా అప్పుడే! ఇటు టీవీ పిలుస్తోంది, అటు చేను పిలుస్తోంది. పిల్లలు ఎటు పోయారు?

"అప్పుడు నువ్వేం చదువుతున్నావు తమ్మీ?" అని అడిగాను ఆ కుర్రాణ్ణి.

"ఏడో తరగతి సార్."

"బడి లేదు కదా, ఏం చేసేవాడివి?"

"క్రాసింగ్‌కు పోతుంటి సార్. మాపు మొగ్గలు గిల్లేది, పొద్దుగాల పూలు తగిలిచ్చేది."

"మరి టీవీ పాఠాలో?"

"అవి వొచ్చే యాళ్ళకు మేము చేన్ల ఉంటుంటిమి గద సార్!"

ఆ మాట నవ్వుతూనే అన్నాడు. నాకే నవ్వు రాలేదు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టరాదని 2016లో చట్టం సవరించారు. సొంత కుటుంబం పనిలో మాత్రం బడి వేళలు అయ్యాక సాయం చేయొచ్చని ఒక సందు వదిలారు. మరి బడి వేళలే లేని సంవత్సరంలో 'బడి వేళలు అయ్యాక' అన్న మాటకు అర్థమేముంది? ఆ సందులోంచి ఎంతమంది పిల్లలు చేలోకి నడిచి వుంటారో మీరే వూహించండి.

మగ్గాలున్న వీధుల్లో కథ ఇంకో తీరు. పెళ్ళిళ్ళు ఆగాయి, దుకాణాలు మూశారు, చీరలు మూటల్లోనే వుండిపోయాయి. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి చెప్పింది: "నేను పుట్టిన కాడికెల్లి మగ్గం చప్పుడుకే నిద్రపోయేదాన్ని అన్నా. ఆ చప్పుడు బంద్ అయినంక నిద్ర పట్టకపాయె. అమ్మా నాయిన మెల్లగ మాట్లాడుకునేది గూడ ఇనపడ్తుండె. అప్పుల సంగతే." చిన్నపిల్లలు పెద్దల మాటలు వినని ఇల్లు ఏదైనా వుంటే, ఆ ఏడాది అది గద్వాలలో మాత్రం లేదు.

ఒక్క ఫోను... ముగ్గురు స్టూడెంట్లు!

ఎర్రవల్లి చౌరస్తా మీదుగా వచ్చి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరాను. సంస్థానాధీశుల రాజభవనంలో పాలిటెక్నిక్ కాలేజీ నడిచే వూరు ఇది. చదువులకు పేరు. చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లల్ని తెచ్చి ఇక్కడ చేర్చేవాళ్ళు బోలెడుమంది. అందుకే ఇక్కడ 'ఆన్‌లైన్ క్లాసు' అనే కొత్త సినిమా జోరుగా ఆడింది!

ఆ సినిమాలో డైలాగులు మీకు తెలుసు. "సార్, వినబడ్తలేదు!" "ఎవరది, మ్యూట్ చేసుకోండి!" "సార్, నెట్ పోయింది!" ఇందులో మూడోది సగం సార్లు నిజం, సగం సార్లు నటన! కెమెరా ఆపేసి పబ్‌జీ ఆడిన మహానటులు ఎందరో. ఆ ఆటను 2020 సెప్టెంబరు 2న దేశంలో నిషేధించారు. అంతకుముందే జూన్ 29న టిక్‌టాక్ పోయింది. అది పోయేలోగా 'బుట్టబొమ్మ' పాట పిల్లల చేత వేయించిన స్టెప్పులు అన్నీ ఇన్నీ కావు. సన్‌రైజర్స్ హైదరాబాద్ కెప్టెన్ డేవిడ్ వార్నర్ ఆస్ట్రేలియాలో తన ఇంట్లో కూర్చుని, భార్యతో కలిసి ఆ పాటకే చిందేశాడు. 'అల వైకుంఠపురములో' సంక్రాంతికి హాళ్ళలో చూసిన పిల్లలు ఏప్రిల్లో దాన్ని ఒక తెల్లదొర వేస్తుంటే చూసి పడీ పడీ నవ్వారు. ఆ నవ్వులు లేకపోతే ఆ వేసవి గడిచేది కాదు!

కానీ ఫోను ఎన్ని? ఒకటి. దానికి స్టూడెంట్లు ఎందరు? ఇద్దరు, ముగ్గురు. అన్నకు పదో తరగతి, అక్కకు ఎనిమిది, తమ్ముడికి నాలుగు. ఎవరికి ముందు ఇవ్వాలి? చాలా ఇళ్ళలో తీర్పు ఒకటే... పరీక్షలున్న మగపిల్లాడికి ముందు, మిగతావాళ్ళకు తర్వాత. నాన్న పనికి పోతూ ఫోను పట్టుకుపోతే అందరూ సమానమే! రీఛార్జి అయిపోతే బడి అయిపోయినట్టే.

ఇక ఆ పాఠాల్లో అసలు పాత్రే లేనివాళ్ళు ఇద్దరున్నారు. ఒకటో తరగతి, రెండో తరగతి! టీవీ పాఠాలు మూడో తరగతి నుంచే కదా. అ ఆ లు దిద్దాల్సిన వయసులో పలక మీద చేయి పట్టి రాయించే పంతులమ్మ లేదు. టీవీ చేయి పట్టి రాయించలేదు.

పెద్ద పిల్లల అవమానం వేరు. 2020లో పదో తరగతి వాళ్ళు మార్చి 19, 20, 21 తేదీల్లో మూడు పేపర్లు రాశారు. మిగతావి ఆగిపోయాయి. జూన్ 8న ప్రభుత్వం పరీక్షలు రద్దు చేసి 5 లక్షల 34 వేల మందికి పైగా పిల్లల్ని పాస్ చేసింది. 2021 బ్యాచికి ఆ మూడు పేపర్లు కూడా లేవు. చుట్టాలు ఊరుకుంటారా? "మీది కరోనా పాస్ గదరా!" అని ఆట పట్టించారు. రాత్రింబవళ్ళు చదివినవాడికీ అదే బిరుదు, పుస్తకం ముట్టనివాడికీ అదే బిరుదు. "నాకు బాగ మార్కులొచ్చేవి సార్, ఎవరూ నమ్మరు!" అని ఒక యువకుడు ఇప్పటికీ బాధపడుతున్నాడు.

ప్రైవేటు బడుల్లో జీతాలు ఆగిపోయాయి. లెక్కల సారు బండి మీద కూరగాయలు అమ్ముతుంటే ఎదురుపడిన విద్యార్థి ఏం చేయాలి? నమస్తే పెట్టాలా, చూడనట్టు పోవాలా? "మా యమ్మ టమాటలు కొనమన్నది. నేను పోలేక తమ్ముణ్ణి పంపిన" అని చెప్పింది ఒకమ్మాయి. 2021 ఏప్రిల్ నుంచి ప్రైవేటు టీచర్లకు నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చారు. దాన్నిబట్టే వాళ్ళ పరిస్థితి ఎంతదాకా పోయిందో తెలుస్తుంది.

మన హాళ్ళ సంగతీ చెప్పుకోవాలి. బొమ్మ ఆగితే హీరోకు ఒక సినిమా ఆలస్యం. గేటు దగ్గర టిక్కెట్టు చింపే మనిషికి ఆ పూట బియ్యం ఆలస్యం! హాల్లో పనిచేసే ఒకాయన కొడుకు చెప్పాడు: "బొమ్మ లేకున్నా మా నాయిన దినాం పోతుండె. ఎలుకలు కుర్చీలు కొరకకుండ చూసేతందుకు. నన్ను గూడ తోల్కపోయేటోడు. ఖాళీ హాల్ల నేనొక్కన్నే బాల్కనీల కూసునేది." ఎన్నడూ ఎక్కని బాల్కనీ దొరికింది... తెర మీద బొమ్మ లేదు!

2020 డిసెంబరు 25న 'సోలో బ్రతుకే సో బెటర్' తో హాళ్ళు కళ్ళు తెరిచాయి. 2021 ఏప్రిల్‌లో రెండో విడత జబ్బు విరుచుకుపడి మళ్ళీ మూతపడ్డాయి. జులై 30న తిరిగి తెరిచారు. ఈ మధ్యలోనే 2020 సెప్టెంబరు 25న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మనల్ని వదిలి వెళ్ళిపోయారు. కరోనాతో ఆగస్టులో ఆస్పత్రిలో చేరిన మనిషి ఇంటికి రాలేదు. పిల్లలకు ఆయన సినిమా గాయకుడు మాత్రమే కాదు. 'పాడుతా తీయగా'లో తప్పు పాడితే కసరకుండా, భుజం తట్టి సరిదిద్దే మేష్టారు! బడి మేష్టారు కనపడని ఏడాదిలో టీవీ మేష్టారు కూడా పోయారు. చావు అనే మాట చాలామంది పిల్లలు మొదటిసారి అర్థం చేసుకుంది ఆ రోజే.

నాయిన వచ్చిండు!

వనపర్తి నుంచి బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూలు. ఈ దారి పొడుగునా వూళ్ళలో ఒక విచిత్రం విన్నాను. లాక్‌డౌన్ అంటే సంబరంగా చెప్పుకునే పిల్లలు!

పాలమూరు లేబర్ అన్న మాట మీరు వినే వుంటారు. ముంబయిలో, పూణేలో, బెంగుళూరులో, హైదరాబాదులో ఎక్కడ పెద్ద కట్టడం లేచినా అక్కడ పాలమూరు చెమట వుంటుంది. అమ్మా నాయిన అక్కడ, పిల్లలు ఇక్కడ అవ్వ దగ్గర. దసరాకో, ఉగాదికో వస్తారు, నాలుగు రోజులుండి పోతారు. 2020 వేసవిలో పనులు ఆగి, తిండికి కటకటై, దొరికిన బండి పట్టుకుని, దొరకనివాళ్ళు నడిచి, ఆ జనం ఇళ్ళకు చేరారు. పెద్దవాళ్ళకది నరకం. మరి పిల్లలకు?

"నాయిన వొచ్చిండు సార్! నాలుగు నెల్లు ఇంట్లనే ఉన్నడు. నాకు బాయిల ఈత నేర్పిండు."

ఇది చెబుతున్నప్పుడు ఆ అబ్బాయి ముఖం చూడాలి! ఇప్పుడు మీసాలు వస్తున్న వయసు. ఆ నాలుగు నెలలే వాడి బాల్యంలో పెద్ద పండగ. అయితే వచ్చిన రోజున మాత్రం నాయిన దగ్గరికి పోనివ్వలేదట. చేతి మీద ముద్ర, 14 రోజులు దూరంగా వుండాలి. ఒక్క గది ఇంట్లో ఎక్కడ దూరం? పొలం దగ్గర పాకలో పడుకున్నాడు నాయిన. గట్టు మీద సద్దిమూట పెట్టి, వెనక్కి వచ్చి, దూరం నుంచి చూస్తూ నిలబడ్డాడు కొడుకు. నల్గొండ జిల్లాలో 2021 మేలో ఒక కుర్రాడు ఇంట్లో వేరే గది లేక చెట్టు మీద మంచం కట్టుకుని 11 రోజులున్న సంగతి పత్రికల్లో చదివాం కదా... అలాంటి ఇళ్ళే ఇవన్నీ.

ఆ పండగకు ఖరీదు వుంది. నాయిన ఇంట్లో వుంటే కూలీ డబ్బులుండవు. 2020 ఏప్రిల్‌లో రేషన్ కార్డున్న ఇళ్ళకు మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1500 రూపాయలు ఇచ్చారు. బియ్యం వచ్చాయి సరే, బడిలో మధ్యాహ్నం పెట్టే అన్నం, వారానికి మూడు గుడ్లు ఎవరిస్తారు? నాగర్‌కర్నూలులో ఒక తల్లిని అడిగితే సూటిగా చెప్పింది: "బడి బంద్ అంటే మీకు చదువు బంద్. మాకు ఒక పూట బువ్వ బంద్ బిడ్డా!"

అచ్చంపేట దాటి మన్ననూరు మీదుగా నల్లమల చేరితే కథ మళ్ళీ మారుతుంది. చెంచు పిల్లలు చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో వుండి చదువుకుంటారు. అవి మూసేస్తే అడవి లోపలి పెంటలకు తిరిగిపోయారు. అక్కడ సెల్‌ఫోను సిగ్నలే అందదు, ఇక టీవీ పాఠమెక్కడ? తండ్రుల వెంట తేనెకు పోయారు, గడ్డలు తవ్వారు. అడవి తెలిసింది, అక్షరం మరుపుకొచ్చింది. రెండూ తెలియాల్సిన పిల్లలు వాళ్ళు. ఒకటి నేర్చుకోవడానికి ఇంకోటి వదులుకోవాల్సి వచ్చింది.

ఈ జిల్లావాడే దర్శనం మొగులయ్య. లింగాల మండలం మనిషి, పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తాడు. పండుగ సాయన్న వీరగాథ పాడతాడు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఆయన కళ గురించి పాఠం వుంది. 2021 సెప్టెంబరు 1న బడులు తెరిచారని చెప్పాను కదా... ఆ మర్నాడే, సెప్టెంబరు 2న, 'భీమ్లా నాయక్' పాట విడుదలైంది. పాట ఎత్తుగడలో మొగులయ్య గొంతు! 2022లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. "మా పుస్తకంల తాత సినిమాల పాడిండు!" అని అరుచుకుంటూ బడికి పోయామని ఇక్కడి పిల్లలు చెబుతుంటే నాకు ముచ్చటేసింది. బడి, వూరు, సినిమా మూడూ ఒక్క చోట కలిసిన రోజు అది!

నేల టిక్కెట్టు లెక్క

బడులు తెరిచాక లెక్క తేలింది. దేశమంతా పల్లెల్లో పిల్లల చదువును పరీక్షించే 'అసర్' అనే సర్వే ఒకటుంది. మూడో తరగతి పిల్లవాడి చేతికి రెండో తరగతి పాఠం ఇచ్చి చదవమంటారు. తెలంగాణ పల్లెల్లో 2018లో నూటికి 18 మంది చదివారు. అదే గొప్ప కాదు. 2022లో? నూటికి అయిదుగురు! ఆ 2022 మూడో తరగతి పిల్లలే 2020లో ఒకటో తరగతిలో చేరాల్సినవాళ్ళు. టీవీ పాఠాల్లో పాత్ర లేనివాళ్ళు!

పాత హాళ్ళలో నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అని తరగతులుండేవి. నేల టిక్కెట్టువాడి మెడ నొప్పెట్టేది గానీ వాడికీ బొమ్మ కనిపించేది. తెర అందరిదీ. సర్కారు బడీ అలాంటిదే. కూలివాడి కొడుకు, కిరాణా కొట్టాయన కూతురు ఒకే బల్ల మీద కూర్చుంటారు, ఒకే నల్లబల్ల చూస్తారు. మహమ్మారి ఆ పెద్ద తెరను ముక్కలు చేసి, అరచేతిలో పట్టేటంత చిన్న తెరలుగా పంచింది. పంచింది అనకూడదేమో... కొన్నవాళ్ళకే దొరికాయి! బాల్కనీలో వున్నవాళ్ళు ఏడాదిన్నర ఏదోలా చదివారు. నేల టిక్కెట్టు వాళ్ళను హాలు బయటికే పంపించేశారు. వాళ్ళు పత్తి చేలోకి పోయారు, పెంటకు పోయారు, కొందరు ఆడపిల్లలు పదహారు నిండకుండానే పెళ్ళిపీటల మీదికి పోయారు.

అమ్మనూ నాన్ననూ ఇద్దరినీ పోగొట్టుకున్న పిల్లలు మరీ వేరు. వాళ్ళకు 23 ఏళ్ళు వచ్చేసరికి 10 లక్షలు అందేలా కేంద్రం 2021 మేలో ఒక పథకం ప్రకటించింది. డబ్బు అవసరమే. కానీ రాత్రి పూట భయమేస్తే పిలవడానికి మనిషి కావాలి కదా!

రెండో సగం మిగిలే వుంది

క్యాలెండరు మీద గీత పెట్టుకున్న పిల్లల సంగతి చెబుతానన్నాను. 'ఆర్ఆర్ఆర్' వాయిదాల మీద వాయిదాలు పడి చివరకు విడుదలైంది 2022 మార్చి 25న! లాక్‌డౌన్ మొదలైన రోజుకు సరిగ్గా రెండేళ్ళు. అప్పటికి చిన్నవాడు పెద్దవాడయ్యాడు, గొంతు మారింది, పక్కన కూర్చునే స్నేహితుడు కొందరికి మారాడు. హాలు నిండిపోయింది. ఎన్టీఆర్, రామ్‌చరణ్ చేతులు కలిపినప్పుడు ఎగిరిన కాగితం ముక్కలు నేల, బాల్కనీ అని చూడకుండా అందరి మీదా పడ్డాయి.

సినిమా అలా తిరిగి వచ్చింది. చదువు అందరికీ అలా తిరిగి రాలేదు. ఆనాడు ఒకటో తరగతి తప్పిపోయిన పిల్లలు ఇప్పుడు హైస్కూలు మెట్లెక్కారు. వాళ్ళలో కూడబలుక్కుని చదివేవాళ్ళు, చదవలేక వెనక బల్లలో తల దించుకునేవాళ్ళు మీ వీధిలోనే వుంటారు. వాళ్ళు మొద్దులు కాదు. వాళ్ళ బాల్యంలో మొదటి రీలు పోయింది, అంతే! మొదటి రీలు చూడనివాడికి కథ అర్థం కాకపోతే తప్పు వాడిదా?

మా చిన్నప్పుడు గోడ మీద వాల్‌పోస్టర్లు చూసి, హీరో పేరు, హీరోయిన్ పేరు, సంగీతం ఎవరు, దర్శకత్వం ఎవరు అని కూడబలుక్కుంటూ అక్షరాలు గట్టిపరుచుకున్నవాళ్ళు ఎందరో వున్నారు. ఆ బడికి తాళం వేయడం ఎవరి తరమూ కాదు. అందుకే యువపాఠకులకు నాదొక మనవి. ఈ పత్రిక చదివేశాక మడిచి అటక మీద పడేయకండి. పక్కింటి తమ్ముణ్ణో చెల్లెల్నో పిలిచి, వాళ్ళకిష్టమైన హీరో బొమ్మ వున్న పేజీ తెరిచి, కింద రాసింది పైకి చదవమనండి. తప్పు చదివితే నవ్వకండి, బాలుగారిలా సరిదిద్దండి. రోజుకు ఒక్క పేజీ చాలు!